ఇంట్లో ఒకరు వేప్ పీలుస్తుంటే మిగతావాళ్లను కాపాడుకోవడం ఎలా

గుంటూరు కొత్తపేటలో ఒక ఛాతీ డాక్టరు గారి క్లినిక్‌లో నేను నర్సును. ఊపిరితిత్తుల సత్తా కొలిచే స్పైరోమెట్రీ పరీక్ష చేయించడం, ఇన్‌హేలర్ ఎలా పీల్చాలో నేర్పడం, ఆయాసంతో వచ్చిన పిల్లలకు నెబులైజర్ పెట్టడం నా పని. డాక్టరు గారు లోపలికి పిలిచేముందు వివరాలు రాసుకునేదీ నేనే. ‘‘ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగుతారా?’’ అంటే చాలామంది లేదనే చెబుతారు. అక్కడితో ఆగకుండా ‘‘వేప్ గాని, ఈ-సిగరెట్ గాని ఎవరైనా పీలుస్తారా?’’ అని నేను అడుగుతాను. అప్పుడు తల్లి పక్కనున్న పెద్దకొడుకు వైపు, భార్య భర్త వైపు చూస్తారు. ‘‘పీలుస్తారండీ, కాని అందులో పొగ ఉండదు కదా’’ అంటారు.

దగ్గుతున్నది ఒకరు, పీల్చేది వేరొకరు. ఆ దగ్గుతున్నవారి కోసమే ఇది రాస్తున్నాను. పీల్చేవారి ఆరోగ్యం గురించి చెప్పవలసింది చాలా ఉంది, కాని వారికి ఆ పరికరాన్ని పక్కన పెట్టే అవకాశమైనా ఉంది. మంచం మీద నిద్రపోతున్న ఆరు నెలల బిడ్డకు ఆ అవకాశం లేదు.

గాలిలోకి వస్తున్నది ఏమిటి

పరికరం చిన్నదే. ఒక బ్యాటరీ, ఒక లోహపు కాయిల్, దాన్ని తడుపుతూ ఉండే ద్రవం. ఆ ద్రవంలో ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, సాధారణంగా నికోటిన్, వాటికి తోడు మామిడి, పుదీనా, స్ట్రాబెర్రీ రుచులనిచ్చే రసాయనాలు ఉంటాయి. దమ్ము లాగగానే కాయిల్ వేడెక్కి ద్రవం అతిసన్నని తుంపరలుగా మారుతుంది. ఇడ్లీ పాత్ర మూత తీసినప్పుడు గోడకు తగిలిన ఆవిరి నీరై కాసేపట్లో ఆరిపోతుంది. వేప్ నుంచి వచ్చేది అలా ఆరిపోదు, తగిలిన చోట పలుచని జిగురు పొరగా మిగులుతుంది. పీల్చిన మనిషి లోపల ఉంచుకోగా మిగిలినది బయటికి వదులుతాడు. అందులో నికోటిన్ ఉంటుంది, ఊపిరితిత్తుల లోతులకు చేరగల సూక్ష్మ కణాలు ఉంటాయి. ద్రవం వేడికి విరిగి పుట్టే ఫార్మాల్డిహైడ్, అక్రోలిన్ వంటివి కొద్ది మోతాదులో ఉంటాయి. కాయిల్ నుంచి వచ్చే నికెల్, క్రోమియం, సీసం వంటి లోహాల జాడలూ ఉంటాయి. ఇది హానిలేని నీటి ఆవిరి కాదని అమెరికా ప్రభుత్వ ప్రధాన ఆరోగ్య అధికారి అయిన సర్జన్ జనరల్ 2016లోనే నివేదిక ఇచ్చారు. మూసిన గదిలో దీన్ని వాడితే గాలిలో కణాలూ నికోటినూ పెరుగుతాయన్నది తిరుగులేకుండా తేలిన విషయమని అక్కడి జాతీయ శాస్త్ర అకాడమీలు 2018లో ప్రకటించాయి.

సిగరెట్టుతో పోలిస్తే పక్కవాళ్లకు చేరేది తక్కువే. ఆ మాట నిజాయితీగా చెప్పాలి, లేకపోతే ఇంట్లో కుర్రవాడు మీ మిగతా మాటలు కూడా నమ్మడు. సిగరెట్టు వెలిగించాక, నోట్లో లేనప్పుడు కూడా కొస కాలుతూ పొగ వదులుతూనే ఉంటుంది. వేప్ నుంచి మాత్రం మనిషి ఊదినప్పుడే బయటికి వస్తుంది. అమెరికాలో 3 నుంచి 11 ఏళ్ల పిల్లల రక్త పరీక్షలను పరిశీలించి 2024లో ప్రచురించిన అధ్యయనంలో, ఇంట్లో వేప్ మాత్రమే ఉన్న పిల్లల ఒంట్లోకి వెళ్లిన నికోటిన్ సిగరెట్టు ఇళ్ల పిల్లల కంటే సుమారు 84 శాతం తక్కువగా తేలింది. కాని ఏదీ లేని ఇళ్ల పిల్లలతో పోలిస్తే అది దాదాపు అయిదు రెట్లు ఎక్కువ.

నాకు ఇంకా గట్టిగా తగిలింది బార్సిలోనాలో జరిగి 2014లో వెలువడిన అధ్యయనం. సిగరెట్టు ఇళ్లలో గాలిలోని నికోటిన్, వేప్ ఇళ్లలో కంటే 5.7 రెట్లు ఎక్కువగా ఉంది. అయితే ఆ ఇళ్లలో పొగ తాగని వారి లాలాజలంలో కొటినిన్ కొలిచినప్పుడు తేడా సుమారు రెండు రెట్లకు తగ్గిపోయింది. నికోటిన్ మన ఒంట్లో మారి కొటినిన్ అవుతుంది కాబట్టి, గాలిలో ఉన్నది కాక మనిషిలోకి నిజంగా వెళ్లింది ఎంతో తెలియాలంటే దాన్నే చూస్తారు. గాలిలో తక్కువే కదా అని సరిపెట్టుకోవడానికి లేదన్నమాట.

ఆస్తమా విషయానికి వస్తే, ఫ్లోరిడాలో 2016లో జరిగిన విద్యార్థుల సర్వేలో, పక్కవారి వేప్ పీల్చవలసి వచ్చిన ఆస్తమా పిల్లలలో ఏడాదిలో ఆస్తమా దాడి వచ్చిందని చెప్పినవారు ఎక్కువ. కాలిఫోర్నియాలో 2014 నుంచి 2019 వరకు రెండు వేలకు పైగా యువతీయువకులను గమనించినప్పుడు కూడా, వేప్ ఉన్న ఇళ్లలో కఫం, విడవని దగ్గు, ఆయాసం ఎక్కువగా కనిపించాయి. ఇవి జనాన్ని అడిగి తెలుసుకున్న జవాబుల మీద ఆధారపడినవి, కాబట్టి కారణం ఇదేనని వీటితోనే తేల్చలేం. క్లినిక్‌లో రోజూ పిల్లికూతలు వినే నాకు జాగ్రత్త పడడానికి మాత్రం ఈ మాత్రం చాలు.

ముందు ఎవరిని కాపాడాలి

ఇంట్లో గర్భిణి ఉంటే ఆమె మొదట. పురుడుకు పుట్టింటికి వచ్చిన ఆడపిల్ల ఉన్న ఇల్లయితే ఈ వ్యాసం ఈ రోజే ఇంటిల్లిపాదీ చదవండి. నికోటిన్ మాయను దాటి బిడ్డను చేరుతుంది. పెరుగుతున్న మెదడుకూ ఊపిరితిత్తులకూ అది మంచిది కాదు. తర్వాత చంటిపిల్లలు. వాళ్లు పెద్దవాళ్ల కంటే వేగంగా ఊపిరి తీస్తారు, నేల మీద పాకుతారు, చేతికి అందినదల్లా నోట్లో పెట్టుకుంటారు. ఆ తర్వాత ఆస్తమా ఉన్నవారు, ఏళ్ల తరబడి పొగాకు వల్లనో కట్టెల పొయ్యి వల్లనో ఊపిరితిత్తులు దెబ్బతిన్న పెద్దవారు. గుండె జబ్బు ఉన్నవారిని చాలామంది మర్చిపోతారు. నికోటిన్ గుండె వేగాన్నీ రక్తపోటునూ పెంచుతుంది.

మన గుంటూరులో ఇంకో చిక్కు ఉంది. మిర్చి సీజనులో యార్డు చుట్టుపక్కల ఘాటు సంగతి మీకు తెలుసు. ఆ నెలల్లో ఎవరు దగ్గినా మిర్చి మీదికి నెట్టేస్తారు. విజయవాడ నుంచి వచ్చేవారు బెంజ్ సర్కిల్ దుమ్మును తిడతారు. అవి నిజమైన కారణాలే, కాదనను. కాని బయట ఘాటు ఉన్న రోజుల్లో ఇంట్లో గాలైనా శుభ్రంగా ఉండాలి. ఆదివారం బయటికే వెళ్లని పిల్లవాడికి ఆ రాత్రే దగ్గు ఎక్కువైతే, ఇంటి గాలిని అనుమానించండి.

ఇంట్లో జాడ ఎలా తెలుస్తుంది

కొందరు చెప్పరు, దాస్తారు. నిఘా పెట్టమని నేను అనడం లేదు. పిల్లవాడికి ఆయాసం ఎందుకు తగ్గడం లేదో తెలియాలి కాబట్టి చూడవలసినవి చెబుతున్నాను. గదిలో పండ్ల వాసనో, పుదీనా చాక్లెట్ వాసనో వచ్చి నిమిషాల్లో పోతుంది. అద్దం మీద, టీవీ తెర మీద, కిటికీ గాజు మీద వేలితో రాస్తే జిడ్డుగా తగిలే పొర ఉంటుంది. ఆ పొర వంటింట్లో సహజమే, పడకగదిలో మాత్రం ఆలోచించవలసినదే. పరికరాలు పెన్‌డ్రైవ్‌లా, హైలైటర్ పెన్నులా, చిన్న లిప్‌స్టిక్‌లా ఉంటాయి. ఫోను ఛార్జరుతోనే వాటినీ ఛార్జ్ చేస్తారు.

దీనికంటే నమ్మదగినది కాగితం మీద లెక్క. ఆస్తమా ఉన్న పిల్లవాడికి పీక్ ఫ్లో మీటర్ (ఎంత బలంగా ఊదగలడో కొలిచే చిన్న గొట్టం) ఉంటే పొద్దునా సాయంత్రమూ ఊదించి అంకె రాయండి. పక్కనే దగ్గు ఎప్పుడు వచ్చింది, ఆ సమయానికి ఏ గదిలో ఉన్నాడు, గదిలో ఇంకా ఎవరున్నారు అన్నది కూడా రాయండి. రెండు వారాలు రాసి తెస్తే డాక్టరుకు ఎంతో ఉపయోగం. కొటినిన్ పరీక్ష చేయించమంటారా అని కొందరు అడుగుతారు. అక్కర్లేదు. ఎంత వచ్చినా చేయవలసిన పని మారదు, డబ్బు మాత్రం ఖర్చవుతుంది.

పనిచేయని ఉపాయాలు

క్లినిక్‌కు వచ్చే కుటుంబాలన్నీ అప్పటికే ఏదో ఒక ఉపాయం పాటిస్తూ ఉంటాయి. అందులో మంచి మనసు ఉంది, అందుకే వాటిని ఒక్కొక్కటిగా విప్పి చెబుతాను.

అన్నిటికంటే ఎక్కువగా నమ్మేది ఏసీని. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర తలుపులు బిగించి ఏసీ వేసుకోక తప్పదు. గోడకు బిగించిన స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు. గదిలో ఉన్న గాలినే లాగి, చల్లబరిచి, మళ్లీ గదిలోకి వదులుతుంది. బయట కనిపించే పెట్టె వేడిని వదిలేందుకే, గదిలోని గాలిని బయటికి పంపేందుకు కాదు. రాత్రి పదింటికి ఆ గదిలో నాలుగు దమ్ములు లాగితే, ఆ గాలే తిరిగి తిరిగి పక్కన పడుకున్నవారి ముక్కులోకి వస్తుంది. ఎండాకాలంలో పిల్లల దగ్గు గురించి అడిగేటప్పుడు ఎవరు ఎక్కడ పడుకుంటారో నేను తప్పకుండా అడిగేది ఇందుకే.

కిటికీ తెరిచి దాని పక్కన నిలబడితే, గాలి వీచే దిక్కును బట్టి అది బయటికి పోవచ్చు, లోపలికి రావచ్చు. సీలింగ్ ఫ్యాను గదినిండా సమానంగా పంచుతుంది, అంతే. అగరుబత్తి, రూమ్ ఫ్రెషనర్ అయితే కొత్తవి కలుపుతాయి. అగరుబత్తి పొగలోనూ సూక్ష్మ కణాలు ఉంటాయి, ఆస్తమా ఉన్న ఇంట్లో దేవుడి గదికి కూడా నేను తక్కువే వాడమంటాను. ఎయిర్ ప్యూరిఫయర్‌లోని హెపా ఫిల్టర్ కణాలను పడుతుంది, వాయురూపంలో ఉన్న రసాయనాలను పట్టదు. గోడలకూ పరుపులకూ అప్పటికే అంటుకున్న నికోటిన్‌ను అసలే ముట్టదు. ఇరవై వేలు పెట్టి కొన్నాం కాబట్టి ఇక ఇంట్లో పీల్చవచ్చని ఒక భర్త వాదిస్తే, ఆ భార్య ముఖం చూసి నాకు చాలా బాధ కలిగింది.

బాత్‌రూమ్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఇంట్లో గొడవ పెరిగితే చాలామంది బాత్‌రూమ్‌లోకి మారతారు. మన అపార్ట్‌మెంట్లలో ఎగ్జాస్ట్ ఫ్యాను గాలి డక్ట్‌లోకి పోతుంది. పై అంతస్తువాళ్ల, కింది అంతస్తువాళ్ల బాత్‌రూమ్ కిటికీలు కూడా ఆ డక్ట్‌లోకే తెరుచుకుంటాయి. మన ఇంట్లో వాసన తగ్గి పక్కింటి బాలింత గదిలో తేలుతుంది. ఫ్యాను ఆపేసిన క్షణం నుంచి మిగిలినది హాల్లోకి వస్తుంది. తర్వాత స్నానానికి వెళ్లేది ఇంట్లో చిన్నవాడే కావచ్చు.

కారులో అయితే చెప్పనే అక్కర్లేదు. అంత చిన్న చోట, అద్దాలు ఎక్కించి, గాలి లోపలే తిరిగే మీట నొక్కి, గుంటూరు నుంచి విజయవాడ దాకా ప్రయాణం చేస్తే వెనక సీట్లో పిల్లలు తప్పించుకునే దారి లేదు. పిల్లలు లేనప్పుడు పీల్చినా సీటు బట్టలకు అంటినది మిగిలే ఉంటుంది.

పనిచేసే నియమం

ఒక్కటే నియమం: గోడల మధ్య వద్దు. ఇంట్లో ఏ గదిలోనూ వద్దు, కారులో వద్దు, ఎవరూ లేనప్పుడు కూడా వద్దు. పీల్చక తప్పని మనిషి డాబా మీదికి వెళ్లాలి. మెట్లు ఎక్కలేకపోతే గేటు బయటికి వెళ్లాలి. బాల్కనీ నాకు ఇష్టం లేదు. తలుపు తెరిచి ఉంటే సగం లోపలికే వస్తుంది, పక్క ఫ్లాట్ వాళ్లు ఆరేసిన చంటిపిల్లల బట్టలూ అక్కడే ఉంటాయి. బాల్కనీ తప్ప దారి లేని ఇంట్లో, తలుపు పూర్తిగా మూసి, రోడ్డు వైపు అంచున నిలబడమనండి. చివరి దమ్ము లాగిన వెంటనే లోపలికి రాకూడదు. ఊపిరితో ఇంకా కొంత బయటికి వస్తుంటుంది కాబట్టి కొన్ని నిమిషాలు బయటే ఉండాలి.

లోపలికి రాగానే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. బిడ్డను ఎత్తుకునేవారైతే చొక్కా మార్చుకోవాలి. ఇది అతి జాగ్రత్త అనిపిస్తే మా ఇంటి సంగతి చెబుతాను. మా అమ్మ చిలకలూరిపేటలో పొగాకు గ్రేడింగుకు వెళ్లేది. సాయంత్రం ఇంటికి వచ్చాక మేము ఎంత ఏడ్చినా వెంటనే ఎత్తుకునేది కాదు. మోచేతుల దాకా రుద్ది కడుక్కుని, చీర మార్చుకుని, అప్పుడు దగ్గరికి తీసుకునేది. కడగకుండా అన్నం కలిపితే ముద్ద చేదెక్కేదని చెప్పేది. తడి పొగాకు ఆకు కోసే కూలీలకు తల తిరగడం, వాంతులు పట్టుకోవడం పొగాకు ప్రాంతాల్లో ఎరిగినదే. నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి వెళ్లడమే అందుకు కారణం. ఇంటి గోడల మీద ఉండే మోతాదు పొలంలో మోతాదుతో పోల్చదగినది కాదు. అయినా పొగాకు ఆకు పట్టిన చేయి బిడ్డను తాకకూడదని చదువురాని మా అమ్మకు తెలుసు.

ఇప్పటిదాకా ఇంట్లోనే పీల్చి ఉంటే ఒకసారి గట్టిగా శుభ్రం చేయండి. పొడి చీపురు, పొడి గుడ్డ ఉపయోగపడవు. సబ్బు నీళ్లలో ముంచిన గుడ్డతో తలుపులు, మంచం చెక్క, స్విచ్ బోర్డుల పైభాగం, టేబుళ్లు, ఫ్యాను రెక్కలు తుడవండి. స్విచ్‌ల దగ్గర గుడ్డ బాగా పిండి, మెయిన్ ఆపి తుడవాలి. కర్టెన్లు, దిండు గలీబులు, దుప్పట్లు ఉతకండి. ఏసీ ఫిల్టర్ విప్పి కడగండి. నేలను రోజూ తడిగుడ్డ పెట్టండి, పాకే బిడ్డ ఉంటే బిడ్డను దించేముందే పెట్టండి. ఉతకడానికి వీలుకాని మెత్తటి బొమ్మలను బిడ్డకు అందనీయకండి.

ఇంట్లో మాట ఎలా కదపాలి

నియమం పెట్టడం తేలిక, చెప్పడం కష్టం. చాలా ఇళ్లలో మాట మొదలైన తీరువల్లే పని చెడుతుంది.

మానేయమని అడగకండి, ముందు చోటు మార్చమని అడగండి. ఈ రెండూ వేరు. మానేయడం అతను తన ఒంటితో చేయవలసిన పోరాటం, దానికి సమయం పడుతుంది. డాబా మీదికి వెళ్లడం ఈ సాయంత్రం నుంచే చేయవచ్చు. రెండూ కలిపి అడిగితే రెండూ పోతాయి. చుట్టాల ముందు, భోజనాల దగ్గర, నాన్నగారు కోపంగా ఉన్నప్పుడు ఎత్తకండి. సిగరెట్టు మానడానికే వేప్ మొదలుపెట్టినవారు కొందరుంటారు. వాళ్లను అవమానిస్తే మళ్లీ సిగరెట్టుకే పోతారు, అది ఇంట్లోవాళ్లకు ఇంకా చెడ్డది.

కొడుకుతో తల్లి ఇలా అనవచ్చు: ‘‘నాన్నా, నువ్వు పెద్దవాడివి, నీ సంగతి నీకు తెలుసు. అక్క కడుపుతో ఉంది. ఆ గాలి అక్కకు చేరకూడదు. పీల్చాలనిపించినప్పుడు డాబా మీదికి వెళ్లిరా. నేనేమీ అనను.’’ ఇందులో ‘నేనేమీ అనను’ అన్న మాట నిలబెట్టుకోవాలి. డాబా మీది నుంచి దిగి వచ్చిన ప్రతిసారీ ముఖం చిట్లిస్తే అతను మళ్లీ బాత్‌రూమ్‌కే పోతాడు.

అల్లుడైతే అత్తగారు నేరుగా చెప్పడం మన ఇళ్లలో ఇబ్బందే. కూతురు చెప్పాలి, లేదా అతనితో చనువున్న బావమరిది చెప్పాలి. మామగారి చేత చెప్పించారంటే అది మర్యాద సమస్యగా మారి వియ్యాలవారి దాకా వెళుతుంది. బావమరిది అయితే ‘‘బావా, పిల్లవాడికి ఆయాసం తగ్గేదాకా మనిద్దరం పైన కూర్చుందాం రా’’ అని కుర్చీ పట్టుకుని డాబా ఎక్కగలడు. భార్య చెప్పేటప్పుడు డాక్టరు పేరు వాడుకోవచ్చు, మా డాక్టరు గారు సంతోషంగా ఒప్పుకుంటారు: ‘‘ఏమండీ, పాపకు మందు పనిచేయాలంటే ఇంట్లో గాలి మారాలని డాక్టరు గారు గట్టిగా చెప్పారు.’’ అతన్నే క్లినిక్‌కు తీసుకువస్తే ఇంకా మంచిది. బిడ్డకు నెబులైజర్ మాస్కు పట్టుకునే పని నేను తండ్రికే ఇస్తాను. ఆ పది నిమిషాలు మాస్కు పట్టుకున్నవారికి మళ్లీ చెప్పవలసిన అవసరం చాలావరకు ఉండదు.

ఇంటికి వచ్చిన అతిథి పరికరం బయటికి తీస్తే మొహమాటపడకండి. ‘‘డాబా మీద చల్లగా ఉంటుంది, రండి చూపిస్తాను’’ అని మీరే లేచి నడవండి.

హాస్టళ్లలో, ఉమ్మడి గదుల్లో

బ్రాడీపేటలోనో లక్ష్మీపురంలోనో ముగ్గురు నలుగురు కలిసి ఉండే గదిలో ఒకరు పీలిస్తే అందరూ పీల్చినట్టే. గదిలో చేరిన రోజునే అద్దె, కరెంటు లెక్కలతోపాటు ఈ మాట కూడా తేల్చుకోండి. ఆస్తమా ఉన్న విద్యార్థి తన ఇన్‌హేలర్‌ను అందరికీ కనిపించే చోట పెట్టుకోవాలి. దాచుకోవలసినది కాదు అది. గదిలో మాట వినకపోతే హాస్టల్ యజమానికి రాతపూర్వకంగా చెప్పండి, గది మార్చమని అడగండి. ఆఫీసులో అయితే హెచ్‌ఆర్ వారికి మెయిల్ పెట్టండి. నోటిమాట ఎక్కడా నిలవదు.

అడిగేటప్పుడు చట్టం మీ వైపే ఉందని గుర్తుంచుకోండి. 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సు వచ్చింది, అదే డిసెంబరులో పార్లమెంటు చట్టం చేసింది. ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకం, ఆన్‌లైన్ అమ్మకం, ప్రకటనలు అన్నీ దేశమంతటా నిషిద్ధం. నికోటిన్ ఉన్నా లేకపోయినా వర్తిస్తుంది, ఈ-హుక్కాకూ వర్తిస్తుంది. మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలు లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే మూడేళ్ల దాకా జైలు, అయిదు లక్షల దాకా జరిమానా. సరుకు నిల్వ ఉంచినవారికి ఆరు నెలల దాకా జైలు లేదా యాభై వేల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కాలేజీ దగ్గర ఎవరైనా అమ్ముతుంటే పోలీసులకు చెప్పండి, ఎస్సై స్థాయి అధికారికి సోదా చేసే అధికారం ఉంది. ఈ చట్టం అమ్మేవారి కోసం వాడండి, ఇంట్లో పిల్లవాడిని బెదిరించడానికి కాదు.

నిషేధం వల్ల ఇంకో సంగతి కూడా ఉంది. ఇక్కడ చేతులు మారేదంతా దొంగసరుకు. ఎవరూ పరీక్షించరు. డబ్బా మీద ‘నికోటిన్ లేదు’ అని ఉన్నా, ఇంత శాతమే ఉందని రాసి ఉన్నా నమ్మడానికి ఆధారం లేదు. పక్కవాళ్లకు చేరేది కూడా అదే తెలియని సరుకు.

ద్రవం బిడ్డ నోట్లోకి వెళితే

గాలి కంటే ప్రమాదకరమైనది ఇది. నికోటిన్ ద్రవం కొద్దిగా మింగినా పసిబిడ్డ ప్రాణానికి ముప్పు. రంగు సీసా, పండ్ల వాసన, చిన్న చేతికి సరిపోయే పరిమాణం వల్ల పిల్లలు దాన్ని తినేదనుకుంటారు. పరికరం, ద్రవం ఉండే చిన్న డబ్బీలైన వాడేసిన పాడ్‌లు, సీసాలు బీరువాలో తాళం వేసి ఉంచాలి. చెత్తబుట్టలో వేసే పాడ్ కూడా మూటకట్టి నేరుగా బయటి డబ్బాలోనే వేయాలి.

మింగిందని అనుమానం వచ్చినా చాలు, లక్షణాల కోసం ఎదురుచూడకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. వాంతి చేయించకండి, ఉప్పునీళ్లు తాగించకండి. నోటి చుట్టూ తడిగుడ్డతో తుడవండి. ఒంటి మీద ఒలికితే ఆ బట్టలు తీసేసి, సబ్బుతో ఎక్కువ నీళ్లు పోసి కడగండి. సీసాను వెంట తీసుకువెళ్లండి. వాంతులు, చొంగ కారడం, చెమటలు, ముఖం పాలిపోవడం, గుండె వేగంగా కొట్టుకోవడం మొదట కనిపిస్తాయి. తర్వాత మగత, ఫిట్స్ రావచ్చు.

అతను మానాలనుకున్నప్పుడు

చోటు మార్చిన కొన్నాళ్లకు చాలామందిలో మానేయాలన్న ఆలోచన కూడా వస్తుంది. డాబా మెట్లు అన్నిసార్లు ఎక్కేటప్పటికి తనకే తెలుస్తుంది, ఎంత తరచుగా పీలుస్తున్నాడో. ఆ రోజు మీరు సిద్ధంగా ఉండాలి. ప్రభుత్వ పొగాకు విరమణ సహాయ నంబరు 1800-11-2356, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఆ కాల్ అతనే చేయాలి, మీరు నంబరు ఫోనులో పెట్టి ఇవ్వండి. నికోటిన్ చూయింగ్ గమ్ లాంటివి ఎంత మోతాదులో వాడాలో డాక్టరును అడిగే మొదలుపెట్టాలి, ముఖ్యంగా గుండె జబ్బు ఉంటే.

మానేసిన మొదటి కొద్ది రోజులే అన్నిటికంటే కష్టం. విసుగు, నిద్ర పట్టకపోవడం, ఆకలి, ఏకాగ్రత లేకపోవడం ఉంటాయి, రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు తగ్గుతాయి. ఆ వారాల్లో పెళ్లి సంబంధాల మాట, అప్పుల మాట, ఉద్యోగం మాట ఎత్తకండి. సాయంత్రం అలవాటుగా డాబా ఎక్కే సమయానికి అతనితో నడకకు వెళ్లండి, మధ్యలో ఒకరోజు మళ్లీ పీలిస్తే డాబా నియమం గుర్తుచేసి, మర్నాడు మళ్లీ నడకకు పిలవండి.